యక్షుడికి మేఘం, మనకు గబ్బిలం

జాషువా 'గబ్బిలం' పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు అడుగుతారు. "సార్, మేఘసందేశంలో యక్షుడికి భార్య ఉంది గదా. మరి ఇందులో హీరోకి లవర్ లేదా?" క్లాసంతా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కానీ పీహెచ్‌డీ వైవాల్లో మా సబ్జెక్టువాళ్ళు అడిగే చాలా ప్రశ్నలకంటే ఇది గట్టి ప్రశ్న అని నా నమ్మకం. ఈ వారం దాని గురించే రాస్తాను.

కాళిదాసు యక్షుడు చేసిన నేరం ఏంటి? కొలువులో ఏమరుపాటు. దానికి శిక్ష ఏడాది పాటు ఇంటికి దూరంగా ఉండటం. రామగిరి మీద ఉన్నాడు, ఆషాఢంలో మబ్బు కనబడింది, అలకాపురిలో ఉన్న భార్యకు కబురు చెప్పమన్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు, చేతి బంగారు కడియం జారిపోయేంతగా చిక్కిపోయాడు. గమనించండి, విరహంతో చిక్కిపోయాడు. ఆకలితో కాదు. ఆ కడియం అమ్ముకుని తినాల్సిన అవసరం ఆ కావ్యంలో ఎవరికీ రాలేదు.

1941లో గుర్రం జాషువా అదే అచ్చు తీసుకున్నాడు. దూత కావాలి, పంపేవాడు కావాలి, దారి చెప్పాలి. కానీ మన గుడిసెలోకి మబ్బు రాలేదు, రాత్రిపూట గబ్బిలం దూరింది. కబురు కూడా ప్రియురాలికి పోలేదు, కాశీలో ఉన్న శివుడికి పోయింది. మనిషికి గుళ్ళోకి దారి లేదు గానీ గబ్బిలం గర్భగుడిలో తలకిందులుగా వేలాడొచ్చు, పూజారి లేనప్పుడు దేవుడి చెవిలో మాట చెప్పొచ్చు. అంత గొప్ప ఊహ తెలుగులో ఇంకొకటి ఉందా అంటే నాకు అనుమానమే. ఆ ఊహ అంతా దేనికి ఖర్చయింది? ఆకలి చెప్పుకోవడానికి, అంటరానితనం చెప్పుకోవడానికి. ప్రేమ కబురు చెప్పుకోడానికి అందులో చోటు మిగల్లేదు.

జాషువాని తప్పు పట్టడం లేదు. ఆయన కాలానికి అదే రాయాలి. మరి 80 ఏళ్ళ తర్వాత మనమెందుకు ఇంకా అక్కడే ఉన్నాం అన్నది నా ప్రశ్న. మన కవిత్వ సంకలనాలు తీసి చూడండి, 1995 'చిక్కనవుతున్న పాట' నుంచి మొదలుపెట్టండి. కోపం ఉంది, వెక్కిరింత ఉంది, చరిత్ర ఉంది. ఆ కవులందరికీ అప్పుడు ఇరవై, ముప్పై ఏళ్ళు. ఆ వయసులో మనుషులు ప్రేమలో పడతారు. వీళ్ళూ పడే ఉంటారు. ఎక్కడ దాచారు?

ఇంకో తమాషా ఉంది. మనవాళ్ళు రాసుకోకపోయినా మన ప్రేమలు తెలుగు సాహిత్యంలో లేకపోలేదు. భావకవిత్వం రోజుల్లో నండూరి సుబ్బారావు గారు యెంకిని, నాయుడుబావని రాశారు. చేలో పనిచేసుకునే మనుషుల మాట, పల్లె యాస. చదువుకున్నవాళ్ళంతా మురిసిపోయారు. పాటలు బాగుంటాయి, కాదనను. కానీ ఆ చేలో కూలి ఎంత, గట్టు మీద ఎవరు నిలబడి చూస్తున్నారు, యెంకి ఆ గట్టాయన కంటపడకుండా ఎలా ఇంటికి పోతుంది, ఇవేవీ ఆ పాటల్లోకి రావు. మన యాస తీసుకున్నారు, మన భయం వదిలేశారు. మనమేమో భయాన్ని మాత్రమే రాసుకుంటూ వచ్చాం.

పసితనం విషయంలోనూ ఇంతే. దళిత ఆత్మకథ అనగానే అందరికీ ఒకటే గుర్తొస్తుంది. బడిలో దూరంగా కూచోబెట్టారు, కుండ ముట్టుకోనివ్వలేదు, టీచరు కులం పేరుతో పిలిచాడు. అవన్నీ నిజాలే. అయితే అంబేడ్కర్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మొదటి ప్రయాణం మళ్ళీ ఒకసారి చదవండి. 1901. సతారాలో ఉన్న పిల్లలు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న నాన్న దగ్గరికి బయల్దేరతారు. స్టేషన్ మాస్టరు సంగతి, బండివాడి సంగతి, రాత్రంతా నీళ్ళు దొరకని సంగతి మనందరికీ తెలుసు, సభల్లో చెబుతాం. దానికి ముందు పేరా ఎవరికైనా గుర్తుందా? పిల్లలకి కొత్త చొక్కాలు కుట్టించారు. తళతళలాడే టోపీలు కొన్నారు. కొత్త చెప్పులు, పట్టంచు పంచెలు. వాళ్ళు రైలెక్కడం అదే మొదలు. నాన్న ఇలా వస్తాడు, అలా తీసుకుపోతాడు అని ఎంత ఊహించుకుని ఉంటారు! ఆయన అవమానాన్ని రాయాలని కూర్చుని కూడా టోపీలు మర్చిపోలేదు. మనం నీళ్ళు గుర్తుపెట్టుకున్నాం, టోపీలు వదిలేశాం. ఆ టోపీలు లేకపోతే నీళ్ళ కథకి అంత బరువెక్కడిది?

మాది వేదాద్రి వైపు. జగ్గయ్యపేట నుంచి కృష్ణ ఒడ్డుకి పోయే దారి. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ నేను పెరిగినప్పుడు కృష్ణా జిల్లాయే. అదీ మెట్ట, డెల్టా కాదు. కాలవ నీళ్ళతో వరి పండే కృష్ణా జిల్లా సినిమాల్లో చూశాం. మాకు పత్తి, మిరప, సున్నపురాయి క్వారీలు, సిమెంటు లారీల దుమ్ము.

వేదాద్రి అంటే వేదాల కొండ. సోమకాసురుడు వేదాల్ని ఎత్తుకుపోతే విష్ణువు చేప అవతారమెత్తి తెచ్చాడనీ, ఆ వేదాలే ఇక్కడ కొండగా మారాయనీ, దాని మీద నరసింహస్వామి వెలిశాడనీ స్థలపురాణం. మా నాయనమ్మ దగ్గర అదే కథ వేరేగా ఉండేది. "అయ్యగార్ల పుస్తకాలన్నీ ఏట్లో పడి నానిపోయి, ఎండబెడితే రాయై కూర్చున్నయ్యిరా." నాకు ఆ మాట చాలు. ఎనిమిదేళ్ళవాణ్ణి. సెలవల్లో మేకల్ని తోలుకుపోయి ఏటి వైపు బండల మీద బోర్లా పడుకుని చెవి ఆనించి వినేవాణ్ణి. లోపల ఎవరో చదువుతుంటారని నా లెక్క. గాలికి హోరు వినపడేది. ఇదే వేదం అనుకునేవాణ్ణి. క్వారీలో మందు పేలినప్పుడు మాత్రం బెంగ పట్టుకునేది. రాయి కింద అక్షరాలున్నాయి గదా, అవి కూడా సిమెంటు బస్తాల్లోకి పోతున్నాయేమోనని.

చాలా ఏళ్ళ తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో గౌతమ ధర్మసూత్రం చదివాను. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన సీసం, లక్క పోయాలి అని ఉంటుంది. మనల్ని శూద్రుల్లో కూడా లెక్కపెట్టలేదు కాబట్టి మనకి ఏం పోయాలో రాయడం కూడా దండగ అనుకున్నట్టున్నారు. నేను వేదాల కొండకే చెవి పెట్టి వేసవి సెలవలన్నీ గడిపాను. నా చెవిలోకి చీమలు తప్ప ఏమీ రాలేదు.

ఈ కథ ఎక్కడ చెప్పినా మిత్రులు "అదీ, బ్రాహ్మణీయ పురాణాన్ని ధిక్కరించావు" అంటారు. లేదు సోదరా. ఎనిమిదేళ్ళవాడు ధిక్కరించడు, ఊహించుకుంటాడు. ఆ తేడా మనం పోగొట్టుకుంటున్నాం. మన పిల్లాడు ఏం చేసినా అది ప్రతిఘటన కావాలి, లేకపోతే బాధ కావాలి. ఊరికే ఒక రాయి మీద చెవి పెట్టే తీరిక వాడికి లేదా?

జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. అక్కడ దొరికిన పాలరాతి పలకలో మాంధాత చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి చదరపు నాణేలు కురుస్తుంటాయి. ఆ పలక మద్రాసు మ్యూజియంకి పోయింది, మాకు దిబ్బ మిగిలింది. దాని బొమ్మ పుస్తకంలో మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. కాళిదాసుకి మబ్బంటే ప్రేమలేఖ. మా పేటలో మబ్బంటే డబ్బులు. మెట్టవాళ్ళం, న్యాయమే అనిపించింది.

మన రచయితల్లో ఈ ఊహని బతకనిచ్చినవాళ్ళు లేకపోలేదు. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. ఎన్నెలదిన్ని ఎల్లన్న పసివాడుగా ఉన్నప్పుడు దూరంగా నక్కి ఊళ్ళో ఆట చూస్తాడు. తరిమితే పరిగెత్తుతాడు. ఆ పరుగే అతన్ని ఉరుముల నాగన్న దగ్గరికి, పాటలోకి తీసుకుపోతుంది. తర్వాత సుభద్రతో అతని కాపురం, ఆమె కోసం అతని పాట. దళిత నవల అనగానే మనం అందులోంచి కరువునీ, తరిమివేతనీ కోట్ చేస్తాం. నేనైతే ఎల్లన్న, సుభద్రల కోసం దాన్ని నాలుగుసార్లు చదివాను. గోగు శ్యామల కథల్లో మాదిగ వాడలో పెరిగే పిల్లలకి చెరువుంది, చెట్టుంది, ఆటలున్నాయి. అవమానం వస్తుంది, కానీ కథ మొత్తాన్నీ అదే ఆక్రమించుకోదు. రోహిత్ వేముల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2016 జనవరి 17 మనందరికీ గుర్తే. కార్ల్ సాగన్ లాగా సైన్స్ రచయిత కావాలని ఉండేదని అతను రాసిపోయాడు. మన ఫ్లెక్సీల మీద అతని పిడికిలి ఉంటుంది. నక్షత్రాలు ఎందుకుండవు?

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. ఊరి పేరు, బడి పేరు, ఆమె పేరు చెప్పను. ఆమె ఎక్కడో తన సంసారం తాను చేసుకుంటూ ఉండుంటుంది.

తొమ్మిదో తరగతి. ఆమెది ఊళ్ళో భూమున్న ఇల్లు. మా అమ్మ వాళ్ళ మిరపచేలో కోతకి పోయేది. సెలవు రోజుల్లో నేనూ పోయేవాణ్ణి, కాయకి ఇంతని కాదు, రోజుకి ఇంతని. మీలో చేలో పనిచేసినవాళ్ళకి తెలుసు, మిరపకాయ కోసిన చేత్తో కన్ను తుడుచుకుంటే ఏమవుతుందో. నా బాధ అది కాదు. నా బాధ వ్యాకరణం.

బడిలో ఆమెని 'నువ్వు' అనేవాణ్ణి. ఒక క్లాసు, ఒక వయసు. తెలుగు నోట్సు నాది బాగుంటుందని అడిగి తీసుకునేది. ఆదివారం వాళ్ళ నాన్నతో కలిసి కళ్ళానికి వచ్చేది. అక్కడ మా అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచి, పద్నాలుగేళ్ళ ఆ పిల్లని "అమ్మాయిగారూ, ఎండన పడొచ్చారే" అనేది. అమ్మ పక్కన నేనున్నా. ఇప్పుడు ఆమెతో మాట్లాడాల్సొస్తే ఏమనాలి? 'నువ్వు' అంటే అమ్మ వీపు మీద ఒకటేస్తుంది, గట్టు మీద ఆయన వింటే అమ్మకే పని పోతుంది. 'మీరు' అంటే సోమవారం బడిలో ఆమె మొహం ఎలా చూడను? అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. కర్త లేని వాక్యాలు. "నోట్సు అయిపోయిందా?" "రేపు పరీక్షంట." "ఎండగా ఉంది." క్రియలో కూడా ఎవరో తెలియకూడదు. తెలుగులో ఒక మనిషితో మాట్లాడుతూ నువ్వు, మీరు రెండూ రాకుండా అరగంట నడపడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి. నా థీసిస్ 300 పేజీలు. అంతకంటే కష్టపడి చేసిన భాషాపరిశోధన అదే.

మూడో ఆదివారమో, నాలుగో ఆదివారమో ఆమెకి అర్థమైపోయింది. నీళ్ళ బిందె దగ్గర నిలబడి, ఇటు చూడకుండానే, "చేలో గూడా నువ్వనొచ్చు" అంది.

అంతే. నా జీవితంలో నాకు దొరికిన మొదటి ప్రేమలేఖ మూడు మాటలు. ఆ తర్వాత వేదాల కొండ కథ ఆమెకి చెప్పాను. ఆమె నవ్వలేదు. స్వామి కళ్యాణానికి వాళ్ళింట్లో అందరూ పోయినప్పుడు, బండకి చెవి పెట్టి విన్నానని వచ్చి చెప్పింది. ఏం వినపడింది అంటే, "హోరు" అంది. నేను విన్నదే.

ఆ శీతాకాలం మా పల్లెకీ ఊరికీ గొడవైంది. అంబేడ్కర్ విగ్రహానికి దిమ్మె కట్టే జాగా గురించి. మీరు ఇలాంటివి చాలా చూశారు, వివరాలు వద్దు. పాలు ఆపేశారు. కొట్టు ఆయన ఉప్పు కూడా ఇవ్వనన్నాడు. మిరపకోతకి పక్క మండలం నుంచి ట్రాక్టర్ల మీద కూలీలు దిగారు. చేలో కాయ ఎర్రగా ఉంది, అమ్మ ఇంట్లో ఉంది. మా పిల్లలం మూడు వారాలు బడికి పోలేదు. పోయిన రోజు బెంచీలన్నీ మారిపోయి ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే మేమంతా ఒక పక్కకి వచ్చేశాం.

బోరు దగ్గర నీళ్ళు తాగుతుంటే ఆమె వచ్చింది. చుట్టూ వాళ్ళన్నయ్య స్నేహితులున్నారు. అందరికీ వినపడేలా, "నాతో మాట్లాడమాక" అంది. గిన్నె కడుగుతూ తల వంచి, నాకొక్కడికే వినపడేలా, "సాయంత్రం రోడ్డెమ్మట పోమాక, చెరువు కట్ట మీద పో" అంది.

నేను కట్ట మీదుగా పోయాను. రోడ్డు మీద పోయిన మా పెదనాన్న కొడుక్కి చెయ్యి విరిగింది. వాడికి, ఈ కథకి ఏ సంబంధమూ లేదు. వాడు సైకిలు మీద పోతున్నాడంతే.

అమ్మకి ఎవరు చెప్పారో తెలియదు. ఆ వారంలోనే ట్రంకుపెట్టె సర్ది నన్ను దూరంగా సాంఘిక సంక్షేమ గురుకులానికి పంపించేసింది. బస్సెక్కిస్తూ ఏమీ అడగలేదు, ఏమీ తిట్టలేదు. "చదువుకో నాయనా" అంది. ఆమెని కూడా పట్నం హాస్టల్లో వేశారని తర్వాత విన్నాను. నేను బతికి, చదివి, లెక్చరర్ని అయ్యానంటే దాని వెనక ఇద్దరు ఆడవాళ్ళ భయం ఉంది. అందులో ఒకామెకి పద్నాలుగేళ్ళు. ఆ వయసుకి ఆమెకి ఊరి లెక్కలన్నీ తెలుసు. ఏ రోడ్డు మీద ఎవరు కాపుకాస్తారో తెలుసు. కులం మన పిల్లల పసితనాన్నే కాదు, వాళ్ళ పిల్లల పసితనాన్ని కూడా తినేస్తుంది. ఈ మాట మన సభల్లో అంటే కొందరికి నచ్చదు. అయినా అంటాను.

నందిగామ పక్కనే కంచికచర్ల ఉంది. 1968లో అక్కడ కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నింద వేసి, కట్టేసి, బతికుండగానే తగలబెట్టారు. పార్లమెంటు దాకా పోయిన ఘటన. కలేకూరి ప్రసాద్‌ది ఆ కంచికచర్లే. కోటేశుని కాల్చినప్పటికి ఆయన పసివాడు. ఆ మంట వెలుతుర్లో పెరిగిన పిల్లాడు ఏం ఊహించుకుంటాడు? 'పిడికెడు ఆత్మగౌరవం కోసం' రాశాడు. అందులో కోటేశు మళ్ళీ లేచి నిలబడతాడు. కలేకూరి 2013 మేలో ఒంగోల్లో పోయాడు. ఆయనతో తిరిగినవాళ్ళని అడగండి, ఆయనంత ప్రేమగల మనిషిని చూశామా అంటారు. ఆయన కవిత్వంలో ఆ ప్రేమ లోకం మీద ప్రేమగా, చచ్చిపోయిన ఆడపిల్ల మీద దుఃఖంగా వచ్చింది. మామూలు ప్రేమగా రాయడానికి కోటేశు ఆయన్ని వదల్లేదేమో అని నాకనిపిస్తుంది.

చుండూరు ఎక్కడ మొదలైందో గుర్తుందా? సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో వాడికి తగిలింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మధ్యలో వాళ్ళు చెప్పుకున్న సమర్థన ఏంటి? దళిత కుర్రాళ్ళు మా ఆడపిల్లల్ని ఏడిపిస్తున్నారు అని. సినిమా హాలంటే పల్లెటూళ్ళో కుర్రాడికి ఊహకి తలుపు. అక్కడ చీకట్లో మూడు గంటలు తాను హీరో. కరెక్టుగా అక్కడే కాలు తగిలింది. మన కుర్రాడు తెర వంక చూసినా, అమ్మాయి వంక చూసినా, నేల వంక చూడటం మానేశాడన్నదే వాళ్ళ అభ్యంతరం.

జగ్గయ్యపేట నుంచి కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా పోతే మిర్యాలగూడ. 2018 సెప్టెంబరు 14న ఆసుపత్రి బయట, గర్భంతో ఉన్న అమృత పక్కన నడుస్తున్న ప్రణయ్‌ని కిరాయి మనిషి నరికేశాడు. ఆ ఏడాది మార్చి 27నే సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తీర్పిచ్చింది. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నవాళ్ళకి రక్షణ గృహాలు పెట్టండి, జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టండి అని. ఆరు నెలలు తిరగలేదు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు నరికినవాడికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మొదటి ముద్దాయి, అమృత తండ్రి, 2020లోనే చనిపోయాడు. ఉరిశిక్ష మీద నా అభిప్రాయం వేరు, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

పేపర్లు 'పరువు హత్య' అన్నాయి. ఆ మాట నేను వాడను. పరువు ఎవరిది? అది కుల హత్య. కానీ ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఆ హత్య గురించి కాదు, దాని ముందున్న సంవత్సరాల గురించి. వాళ్ళిద్దరూ బడిలో ఉన్నప్పుడే పరిచయమైనవాళ్ళు. ఆ బడి రోజుల్లో ఒకరి నోట్సు ఒకరు తీసుకున్నారేమో, ఒకరికోసం ఒకరు బస్సు వదిలేసుకున్నారేమో. మనకి ఆ కథ తెలియదు, అక్కర్లేదు కూడా, అది వాళ్ళ సొంతం. మనకి తెలిసింది సీసీటీవీ వీడియో ఒక్కటే. ఒక మనిషి ప్రేమ మొత్తం కొన్ని సెకన్ల చావుగా లోకంలో మిగిలింది. మన పోస్టర్లూ అదే ఫ్రేమ్ దగ్గర ఆగిపోయాయి. సరూర్‌నగర్‌లో 2022 మే 4న నాగరాజుని నడిరోడ్డు మీద చంపినప్పుడూ ఇంతే.

ఆ రోజుల్లో ఊళ్ళల్లో మనవాళ్ళ నోట ఎక్కువ విన్న మాట ఒకటుంది. "మనకెందుకురా అలాంటియ్యి. బుద్ధిగా చదువుకోండి." మన హాస్టళ్ళలో వార్డెన్లూ, మన సంఘాల పెద్దలూ, నాలాంటి లెక్చరర్లూ పిల్లలకి చెప్పేది ఇదే. అమ్మ బస్సెక్కించి పంపిన మాటే. అమ్మకి వేరే దారి లేదు. ఉద్యమానికి కూడా లేదా? 1936లోనే బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో కులాంతర వివాహమే అసలైన మందు అన్నాడు. మనం ఆ పుస్తకం మీద సెమినార్లు పెడతాం. ఆ మందు మింగిన పిల్లలు రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎక్కడ పడుకోబెట్టాలో మాత్రం మనలో ఎంతమందికి తెలుసు? చచ్చిపోయాక నిజనిర్ధారణ కమిటీ వేసుకుని పోవడం మనకి బాగా వచ్చు. బతికున్నప్పుడు పోవడం ఇంకా నేర్చుకోలేదు.

ఇంకో మాట కూడా అనాలి. ప్రేమ, కులం అనగానే మన బుర్రలో దళిత అబ్బాయి, పైకులం అమ్మాయి. కొన్ని సినిమాలు కూడా అదే తీస్తున్నాయి, అది కూడా కులం పేరు ఎత్తకుండా. 'కలర్ ఫోటో'లో కులం అనాల్సిన చోట రంగు అన్నారు. దళిత అమ్మాయి ప్రేమ కథ ఎవరూ తీయరు. పెళ్ళి చేసుకుంటానని తిప్పి, ఇంట్లో ఒప్పుకోలేదని వదిలేసిపోయినవాడి మీద కేసు పెట్టడానికి స్టేషన్ అరుగు మీద కూర్చున్న పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్ళు కూడా తొమ్మిదో తరగతిలో ఏదో ఒకటి ఊహించుకున్నవాళ్ళే. ఇక మాలపల్లెకీ మాదిగ గూడేనికీ మధ్య ఉన్న గోడ సంగతి? 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు వచ్చినప్పటి నుంచి ఆ గోడ మీద ఇంకో రెండు వరసలు లేచాయి. నేను వర్గీకరణ న్యాయమనే అంటాను, నేను మాదిగవాణ్ణి, దాచుకోవాల్సింది లేదు. కానీ ఆ పేరుతో ప్రేమించుకున్న పిల్లల్ని విడగొట్టేవాడు ఏ కండువా వేసుకున్నా నాకు మనువు మనవడే.

పోయిన ఏడాది నా దగ్గర చదివిన ఇద్దరు పెళ్ళి చేసుకున్నారు. అబ్బాయి మాల, అమ్మాయి మాదిగ. రెండు ఇళ్ళూ ఒప్పుకోలేదు. అమ్మాయికి తంతు ఏదీ వద్దు, ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటామంది. మీలో చాలామందికి దీని గురించి తెలియాలి కాబట్టి చెబుతున్నా. 1954 నాటి చట్టం. ఏ జిల్లా అధికారికి నోటీసు ఇస్తారో ఆ జిల్లాలో ఇద్దరిలో ఒకరైనా అప్పటికి 30 రోజులుగా ఉంటుండాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, 30 రోజులు ఆగాలి, ఎవరైనా వచ్చి అభ్యంతరం పెట్టొచ్చు. పారిపోయిన పిల్లల పేర్లు గోడకి అంటించి నెల రోజులు ఆగమనడం అంటే ఏంటో కంచికచర్ల తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ నెల రోజులూ అమ్మాయి మా ఇంట్లో ఉంది, అబ్బాయి ఇంకో మాస్టారింట్లో. మా ఆవిడ ఆ పిల్లకి జడ వేస్తూ ఏవేవో పాత సంగతులు చెప్పేది. ఆ పిల్ల రాత్రిళ్ళు వాకిట్లో బండి ఆగిన చప్పుడైతే లేచి కూర్చునేది.

ముప్పై ఒకటో రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోయాం. ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరం లెక్చరర్లం ఉన్నాం, మూడో సాక్షి రాలేదు. అబ్బాయి మేనమామ వస్తానని ఫోన్ ఆపేశాడు. గేటు దగ్గర జిరాక్సు షాపులో పనిచేసే కుర్రాణ్ణి అడిగితే ఆధార్ కార్డు తెచ్చుకుని వచ్చి సంతకం పెట్టాడు. ఏ కులమో మేము అడగలేదు, అతనూ అడగలేదు. పెళ్ళికూతురు అబ్బాయిని ఆఫీసరు ముందు "మీరు ఇక్కడ పెట్టండి" అంది, సంతకం గురించి. బయటికొచ్చాక మెట్లు దిగుతూ, "ఒరేయ్, నీ పెన్ను లోపలే మర్చిపోయావు" అంది.

(వచ్చే భాగంలో: గురుకులం రోజులు, డార్మెటరీలో చేతులు మారిన పుస్తకాలు. జై భీమ్.)